కావిడికి అటువైపు

1. తేలుడు మైదానం. నాకౌట్‌కు ముందు రోజు

మా ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు ప్రతి ఆటగత్తెనూ రోజూ మూడు సంగతులు రాసిపెట్టమన్నారు. ఏం తిన్నాం, నిద్ర పట్టిందా, ఒంట్లో ఎలా ఉంది. మూడు ముక్కల్లో తేల్చేసే అలవాటు నాకు లేదు. మా కోచ్ పరశయ్య మాస్టారు చదివి విసుక్కుంటే విసుక్కోనీ, నా ధోరణిలో నేను రాస్తాను.

తిన్నది అన్నం, చేపల పులుసు. చింతపండు ముఖం చూడని పులుసు. నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒంట్లో హాయిగా ఉంది.

హాయిగా ఎందుకుండదు? నా ఎడమ చేతికి పట్టీ ఉంది. దాని జోడు భీమిలిలో మా అత్త అప్పయమ్మ చేతికి ఉంది. నేను పరిగెడితే ఆయాసం ఆమెకు వస్తుంది. నేను నిద్ర మానితే కళ్లు ఆమెకు మండుతాయి. దీనికి కంపెనీ వాళ్లు పెట్టిన పేరు మా నోళ్లకు తిరగదు. ఊళ్లో అందరూ కావిడి అంటారు. ఒక కొసన ఆడేవాళ్లు, రెండో కొసన మోసేవాళ్లు. డబ్బున్న క్లబ్బులు ఒక్కో ఆటగత్తెకు అరడజను మందిని కూలికి పెట్టుకుని ఆట మధ్యలో మారుస్తూ ఉంటాయి. మాకంత స్తోమత లేదు. మా క్లబ్బులో ఎవరి బరువు వాళ్ల ఇంటివాళ్లదే.

మా ఆయన సముద్రం మధ్య గాలిమరల దగ్గర పనిచేస్తాడు, ఆర్నెల్లకోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో మిగిలింది అత్తా నేనే. ఆమెకు అరవై దాటాయి, వద్దన్నాను. నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"గంప నెత్తినెట్టుకుని కొండెక్కి దిగిన మనిషినే నాను. నీ తొంభై నిమిషాలేటే నాకు, పైడే?"

అది నిజమే. సముద్రం మీదికొచ్చి ఊరు కొండకెక్కాక కూడా ఆమె గంప దించలేదు. చేతకాదు అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. మొన్నటిదాకా జరిగిన లీగ్ ఆటల్లో పట్టీ ఆటకు ముందు కట్టి, అయ్యాక విప్పేవారు. సాయంత్రం ఫోన్ చేస్తే వెక్కిరించేది. రెండో సగంలో నువ్వు నడిచావు కదే, నాకు కునుకు పట్టేసింది అనేది.

ఇవాళ పొద్దున కట్టిన పట్టీ మేం ఓడి ఇంటికెళ్లేదాకా, లేదా కప్పు గెలిచేదాకా విప్పరు. నాకౌట్ ఆటలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మళ్లీ మళ్లీ జత కుదరదట. ఇవాళ్టి నుంచే మా ఊరి కట్టుబాటు కూడా మొదలవుతుంది. నాకౌట్ అయ్యేదాకా ఊళ్లో ఎవరూ మాతో మాట్లాడరు. ఒకప్పుడు మా జట్టులో ఒకామె ఫోన్‌లో తమ్ముడి దగ్గు విని, మర్నాడు ఆటలో పరిగెత్తడానికి మనసొప్పక నడిచింది. జట్టు ఓడింది. అప్పటి నుంచి పెద్దలు ఈ మాట కట్టు పెట్టారు. మోసేవాళ్లకు జ్వరమొచ్చినా చెప్పరు, ఏం జరిగినా చెప్పరు.

ఇన్నాళ్లూ మంచి కట్టుబాటనే అనుకున్నాను. మా అత్త పట్టీ కట్టించుకుని ఫోన్ పెట్టేసే ముందు ఒకసారి దగ్గింది. గొంతు సవరించుకుందో, దగ్గిందో తెలీదు. అడిగేలోపు లైను పోయింది.

2. పదహారు జట్ల రౌండు అయ్యాక

గెలిచాం. మొంబాసా రేవు క్లబ్బు మీద ఒక్క గోలు.

ఈ మైదానం నీళ్ల మీద తేలుతుంది. సాయంత్రం అలలు పెరిగితే ఒక పక్కకు కొంచెం వాలుతుంది. పడవల్లో పుట్టి పెరిగినవాళ్లం, మాకు అదొక లెక్క కాదు. మొంబాసా అమ్మాయిలూ రేవు పిల్లలే గానీ ఆ వాలు అంచనా దొరక్క కార్నర్లన్నీ బయటికి కొట్టారు. నేను కుడివైపు డిఫెండర్‌ని. నా వైపు ఆడిన పొడుగమ్మాయి వెంట ఆటంతా పరిగెత్తాను. ఒక్కసారి కూడా నోటితో ఊపిరి తీయాల్సిన అవసరం రాలేదు.

ఆట అయ్యాక గదిలో పెళ్లి భోజనం చేసి వచ్చినవాళ్లలా తీరిగ్గా కూర్చున్నాం. ఎవరో పాట ఎత్తుకున్నారు. నాకు మాత్రం ఊళ్లో మోసేవాళ్లంతా పడుకునే పాక గుర్తొచ్చింది. వరసగా మంచాలు, తలాపున నీళ్ల చెంబులు. మేం ఇక్కడ పాడుకుంటుంటే వాళ్లక్కడ రొప్పుతూ ఉంటారు.

నా గదిలో ఉండేది మా గోల్‌కీపర్ జ్ఞానమణి. ఆమె బరువు వాళ్లాయన డేనియలు మోస్తాడు. గోల్‌కీపర్‌కి పరుగేముంది, మీ ఆయనకు పట్టిందే అదృష్టం అన్నాను. గోల్ పడుతుందేమోనని తనకెప్పుడూ గుండె దడేనని, ఆయన ఈ మధ్య చిక్కిపోయాడని చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. అయినా ఆ మాట నాకు నచ్చలేదు.

3. మధ్యలో ఖాళీ రోజు

తిన్నది గుర్తు లేదు. నిద్ర ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఒంట్లో హాయిగా ఉంది.

నిన్న రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ ఆ దగ్గు గురించే ఆలోచించాను. తెల్లవారాక లేచి అద్దంలో చూసుకుంటే కళ్ల కింద నల్లటి గుంటలు. కళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి. ఒక్క ఆవలింత లేదు. నా నిద్రలేమి నా ఒంట్లో ఉంది, దాని బాధ మాత్రం కొండ మీద ఆ ముసలామెకు పోయింది. అంటే నేను ఆటలోనే కాదు, పడుకుని కూడా ఆమెను అలసగొడుతున్నాను.

మాస్టారి దగ్గరికెళ్లాను. ఒక్క మాట కనుక్కుని చెప్పండి, బాగుందంటే చాలు అన్నాను. ఆయన బూట్లకు మట్టి దులుపుతూ తల ఎత్తలేదు. కనుక్కోవడానికి తనకూ వీల్లేదన్నారు. ఆయన కూతురైన మా కెప్టెన్ బరువు మోసేది ఆయన భార్యే, ఆవిడ సంగతీ ఆయనకు తెలియదట. ఆ మాట చెప్పి బూటును మళ్లీ మళ్లీ దులిపారు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

ఆయన కసిరి పంపితే ధైర్యం వచ్చేదేమో. ఆయన కూడా భయపడుతున్నారని తెలిశాక ఉన్న ధైర్యం కూడా పోయింది.

4. క్వార్టర్ ఫైనల్ అయ్యాక

గెలిచాం. గెలవకపోతే బాగుండేదని ఒక నిమిషం అనుకున్నాను. రాసేశాను, కొట్టెయ్యను.

ఆటకు ముందు మైదానం పెద్ద తెర మీద రెండు ఊళ్ల దృశ్యాలూ చూపిస్తారు. ఎదుటి జట్టు పెనాంగ్ వాళ్లది ఆస్పత్రిలా తళతళలాడే హాలు, కూలికొచ్చిన జనం కబుర్లాడుకుంటున్నారు. తర్వాత మా పాక. కెమెరా ఒక్కో మంచం దగ్గరా ఆగింది. డేనియలు చెయ్యి ఊపాడు, నిజంగానే చిక్కిపోయాడు. మాస్టారి భార్య దణ్ణం పెట్టింది. మా అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

మా అత్త సంగతి తెలియనివాళ్లకు ఇందులో ఏముందనిపిస్తుంది. పెళ్లిళ్లలో ఫొటో తీస్తుంటే మూడు వరసలు దాటుకుని ముందుకొచ్చే మనిషి ఆమె. లీగ్ ఆటలప్పుడు ఈ తెర మీదే నాలుక బయటపెట్టి నన్ను వెక్కిరించింది. అలాంటి మనిషి కెమెరాకు వీపు చూపించింది. దుప్పటి మెడదాకా కప్పుకుని ఉంది. ఈ ఎండల్లో దుప్పటి.

ఆట మామూలు సమయంలో తేలలేదు. ఎక్స్‌ట్రా టైమ్‌కు పోయింది. నేను పరుగు తగ్గించాలని చూశాను, ఒట్టు. బంతి నా వైపు రాగానే కాళ్లు వాటంతటవే పోయాయి, చిన్నప్పటి నుంచీ అలవాటైన కాళ్లు. వాటికి అలుపు తెలిస్తేగా ఆగడానికి. పెనాంగ్ వాళ్లు బెంచీ పక్కన గంట కొట్టి మోసేవాళ్లను మార్చుకుంటున్నారు. గంట మోగినప్పుడల్లా మా అత్తకు బదులు పడుకోవడానికి ఎవరూ లేరని గుర్తొచ్చింది.

పెనాల్టీలు. జ్ఞానమణి రెండు ఆపింది. అందరూ ఆమె మీద పడి గెంతారు. నేనూ వెళ్లాను, వెళ్లకపోతే బాగుండదు కదా.

5. పెనాంగ్ డాక్టరు చెప్పిన మాట

ఓడినవాళ్లు ఓడ ఎక్కే ముందు భోజనాల దగ్గర కలిశారు. వాళ్ల డాక్టరు పొట్టిగా, గుండ్రంగా, బడి టీచరులా ఉంది. మాటలు మార్చి చెప్పే దుబాసీ యంత్రం చెవిలో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. మా అత్త దగ్గు, దుప్పటి, వయసు అన్నీ చెప్పాను. ఇక్కడి నుంచి ఆమెకేం చెప్పలేనంది. మరి నేను ఎలా ఆడితే ఆమెకు బరువు తగ్గుతుందని అడిగాను.

ఆమె తినడం ఆపి నా మణికట్టు పట్టుకుంది. నాడి చూసింది. నువ్విప్పుడు పరిగెత్తడం లేదు కదా అని అడిగింది. లేదన్నాను. గుండె మాత్రం పరిగెత్తేవాళ్ల గుండెలా కొట్టుకుంటోందట. ఈ పట్టీకి పరుగుకూ భయానికీ తేడా తెలియదని చెప్పింది. గుండె దడ, కండరాల బిగువు, కడుపులో తిప్పడం, ఏదైనా దానికి బరువే. అన్నీ అవతలికి తోసేస్తుంది. ఎందుకు భయమో మాత్రం తోయదు, వట్టి భయమే పోతుంది. తాము మనుషుల్ని మార్చేది ముఖ్యంగా అందుకేనంది. కాళ్ల నొప్పులు ఎంతసేపైనా మోస్తారట, ఎదుటివాళ్ల భయం మాత్రం ఎక్కువసేపు ఎవరూ మొయ్యలేరట.

నేను లేచి బయటికొచ్చేశాను.

అంటే ఇన్ని రోజులూ ఆమె కోసం భయపడి, ఆ భయాన్నే ఆమె నెత్తిన పెట్టాను. ఇప్పుడు ఈ సంగతి తెలిసి ఇంకా భయపడుతున్నాను. ఇదీ అటే పోతోంది.

6. సెమీస్‌కు ముందు రోజు

భయపడకూడదు. ఈ రోజంతా ఇదే పని.

బట్టలుతికాను. జట్టంతటి సాక్సూ ఉతికాను. జ్ఞానమణి తల దువ్వి జడ వేశాను. బీచ్‌లో చిన్నప్పుడు పాడుకున్న పాటలన్నీ పాడాను. మధ్యమధ్యలో మణికట్టు పట్టుకు చూస్తే దడ దడ. భయం మానాలని గట్టిగా అనుకున్నకొద్దీ ఎక్కువైంది. ఏడుపొచ్చింది, ఏడిస్తే అదీ పోతుందేమోనని దిగమింగాను. దిగమింగితే ఏమవుతుందో డాక్టరును అడగలేదు.

ఒక దారి దొరికింది. రూలు పుస్తకం తెప్పించి చూశాను. ఎర్రకార్డు పడి బయటికెళ్లిన ఆటగత్తె తర్వాతి ఆటకు పనికిరాదు కాబట్టి పట్టీ అక్కడికక్కడే విప్పేస్తారు. మధ్యలో ఆడేవాళ్లు తామే విప్పుకోవడానికి లేదు, ఇంకో దారీ లేదు. ఉందిలే, మోసే మనిషి అటువైపు తనే విప్పెయ్యవచ్చు. మా ఊళ్లో ఇంతవరకూ ఎవరూ ఆ పని చెయ్యలేదు. చేస్తే ఆ ముఖం మళ్లీ రేవులో చూపించలేరు. మా అత్త అయితే ప్రాణం పోయినా చెయ్యదు.

కాబట్టి ఆ పని నేనే చెయ్యాలి. ఈ రాసేది మాస్టారు రేపు ఆట అయ్యాకే చదువుతారు. అప్పుడు తిట్టండి మాస్టారూ. మీ ఇంటావిడా ఆ పాకలోనే ఉంది.

7. సెమీ ఫైనల్ రోజు, ఆట అయ్యాక

కాళ్లు కదలడం లేదు. వేళ్లు మాత్రం కదులుతున్నాయి, అందుకని రాస్తున్నాను.

వల్పరైసో వాళ్లతో ఆట. పెద్ద తెర మీద ఈసారి మా పాకను దూరం నుంచే చూపించారు. మంచాలు కనిపించాయి, ముఖాలు కనిపించలేదు. మొదటి సగంలోనే వాళ్ల వింగర్ చొక్కా పట్టి లాగాను. పసుపుకార్డు. కెప్టెన్ వచ్చి నీకేం పోయేకాలమని తిట్టింది. ఇంకొకటి పడితే ఎర్రకార్డు. కానీ స్కోరు ఒకటి ఒకటిగా ఉంది. మేమొక గోలు వేస్తే అప్పుడు చేద్దాం, పదిమందైనా కాచుకుంటారు అనుకున్నాను. ఊరు కూడా నాదే కదా. ఆ ఒక్క గోలూ ఎంతకీ రాలేదు.

రెండో సగం మధ్యకొచ్చేసరికి ఇక ఆగలేకపోయాను. గోలు వచ్చినా రాకపోయినా ఈసారి వింగర్ నా దగ్గరికి రాగానే కాలు అడ్డం పెడదామని నిశ్చయించుకున్నాను. వచ్చింది. బంతి ఆమె కాలి దగ్గరుంది. ఒక అడుగు ముందుకేశాను.

ఆ అడుగు కింద పడలేదు. నేనే పడ్డాను.

ముందు ఎవరో వెనక నుంచి కొట్టారనుకున్నాను. తర్వాత ఊపిరి అందలేదు. తొడలు రాళ్లయ్యాయి, కళ్లు మిరప్పొడి చల్లినట్టు మండాయి, గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంది. ఇదేం జబ్బా అనుకున్నాను. జబ్బు కాదు, అలుపు. ఇన్ని రోజుల నిద్రలేమి, ఇంతసేపటి పరుగు అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. అంటే అటువైపు మోసే మనిషి లేదు.

వింగర్ నన్ను దాటుకుపోయి బంతిని మధ్యలోకి కొట్టింది. గోలైంది. జనం అరుస్తుంటే నేను గడ్డిలో ముఖం పెట్టి అత్తా అత్తా అంటున్నాను.

జ్ఞానమణి గోలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నేను రొప్పడం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా జట్టులో నాకౌట్ ఆటలో మనిషి రొప్పితే దానికి ఒకటే అర్థం. నా తల మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. మా అత్త పోయిందా అని మాస్టారిని అడిగాను. తెలియదమ్మా అన్నారు. ఆయన అబద్ధమాడడం లేదు. మిగిలిన ఆటంతా బెంచీ మీద పడుకుని ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ చెవిలో విన్నాను. ఇంత భయం నేనెరుగను. ఈసారి పంచుకునేవాళ్లు కూడా లేరు, మొత్తం నాదే.

రెండు ఒకటితో ఓడిపోయాం. విజిల్ పడగానే మాట కట్టు తెగినట్టే. మాస్టారే నంబరు కలిపి ఫోను నా చెవి దగ్గర పెట్టారు. మోగుతోంది. ఎవరూ తియ్యడం లేదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాను, జ్ఞానమణి వాళ్ల దేవుడికి కూడా.

"పైడే," అంది మా అత్త.

నాకు ఏడుపొచ్చేసింది.

"ఓలమ్మ, బతికున్నావా. బాగున్నావా? ఆళ్లు నిన్నేటి సేసినారే? ఎవులు సేసినారు?" అని వరసగా అడుగుతోంది.

నన్నెవరూ ఏమీ చెయ్యలేదన్నాను. నువ్వెలా ఉన్నావు, నీకేమైంది, పట్టీ ఏమైంది అని అడిగాను.

"నానే తీసీసినాను."

ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను. మాస్టారు కూడా విన్నారు. ఆయన అక్కడి నుంచి లేచి దూరంగా వెళ్లి నిలబడ్డారు.

"నీ పరుగు నాకు బరువేటి కాదే. ఆ బయమే," అంది. "లెగిస్తే దడ, కూకుంటే దడ. ఒళ్లంతా వొణుకు, దుప్పటి కప్పుకున్నా పోదు. నాకేటి బయం, నానెందుకు బయపడతాను? నాది కాదది, నీదే. అక్కడ నిన్నెవులో సంపేత్తన్నారనుకున్నాను. మాట్టాడ్డానికి లేదు, అడగడానికి లేదు. ఇయాల మరీ ఎక్కువైపోనాది. తీసేత్తే పడిపోతావు, పడిపోతే మైదానంలోంచి మోసుకుపోతారు గదా అని తీసీసినాను."

నేను ఫోను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకున్నాను.

"ఏటికే అంత బయపడ్డావు? నిజం సెప్పు."

"నీకేమైపోతుందోనని, అత్తా. నువ్వు దగ్గావు. గోడవైపు తిరిగి పడుకున్నావు."



"నా గురించా?" అంది.

"నీ గురించే."

అప్పటికే ఆమె వెనక గోల మొదలైంది. ఆట చూసినవాళ్లంతా పాక దగ్గరికొచ్చినట్టున్నారు. తలుపు బాదుతున్నారు. ఎవరో మగగొంతు అప్పయమ్మా, కావిడెందుకు దించినావే, ఊరి పరువంతా తీసినావే అని అరుస్తోంది. నేను ఫోనులో గట్టిగా చెప్పాను. నా వల్లేనని చెప్పు అత్తా, పైడి పిరికిది, దాని భయం వల్లే ఇదంతా అని చెప్పు. వినిపించిందో లేదో తెలియదు. మంచం కిర్రుమంది. ఆమె లేచి నిలబడింది. ఫోను చేతిలోనే ఉన్నట్టుంది, తలుపు తీసిన చప్పుడూ తర్వాత ఆమె గొంతూ స్పష్టంగా వినిపించాయి.

"నాకు సేతకాలేదు," అంది వాళ్లతో. "ముసిల్దాన్నైపోనాను. మా కోడలు గుంట బాగానే ఆడినాది, నానే మొయ్యలేకపోనాను."